వైరుకి సూది గుచ్చకుండా బండి వైరింగ్ చెక్ చేయడం ఎలా?

వానలు మొదలైతే చాలు, మా షాపుకి ఒకే రకం బళ్ళు వరస కడతాయి. హారన్ ఒకసారి మోగుతుంది, ఇంకోసారి మోగదు. ఇండికేటర్ ఎండలో బాగానే ఉంటుంది, చినుకు పడితే చచ్చిపోతుంది. విప్పి చూస్తే చాలాసార్లు కనిపించేది ఒకటే, కరెంటు వస్తోందో లేదో చూద్దామని ఎవరో ఎప్పుడో టెస్ట్ ల్యాంప్ సూదిని వైరులోకి దింపిన కన్నం. "మరి గుచ్చకుండా ఎలా చూడాలన్నా?" అని అడిగేవాళ్ళు కూడా ఎక్కువయ్యారు, సొంత బండి సొంతంగా చూసుకునే కుర్రాళ్ళు మరీను. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

"ఏటవుతాది బావూ, సూది బెజ్జమే గదా" అంటారు మావాళ్ళు. ఏమవుతుందో చెప్తాను. కళింగపట్నం వైపు నుంచి ఒక చేపల ఆటో వచ్చింది, వెనక లైట్లు వెలగడం లేదని. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు రోజూ కారే బండి. వైరు పైకి కొత్తదానిలానే ఉంది. వేళ్ళతో తడుముకుంటూ పోతే ఒకచోట మెత్తగా, కాస్త ఉబ్బినట్టు తగిలింది. బ్లేడుతో అక్కడ తొడుగు చీలిస్తే లోపల రాగి లేదు, ఆకుపచ్చ పొడి రాలింది. అటూ ఇటూ చీల్చుకుంటూ పోతే జానెడు పొడవునా అదే చిలుము. సరిగ్గా మధ్యలో సూది కన్నం. దీపం వత్తి నూనె పీల్చినట్టు సన్న తీగల మధ్య నుంచి తడి లోపలికి పాకిపోతుంది, ఒకసారి వెళ్ళాక బయటికి రాదు. మన శ్రీకాకుళం తీరంలో గాలిలోనే ఉప్పు ఉంటుంది కాబట్టి, ఊరికే నిలబెట్టిన బండికి కూడా ఇది తప్పదు.

అసలు గుచ్చాల్సిన అవసరమే లేదు. ప్రతి వైరుకీ రెండు చివర్లుంటాయి, రెండు చివర్లలోనూ లోహం ముందే బయటికి ఉంటుంది: ఫ్యూజ్ దగ్గరో, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి) సాకెట్‌లోనో, బల్బు హోల్డర్‌లోనో, కప్లర్ (వైర్లని కలిపే ప్లాస్టిక్ కనెక్టర్) వెనకో. చూడాల్సింది అక్కడ. మధ్యలో వైరుని ముట్టుకోవడం దేనికి?

ముందు కావలసినవి

- డిజిటల్ మల్టీమీటర్. మరీ ఖరీదైనది అక్కర్లేదు. డీసీ వోల్టులు సరిగ్గా చూపించి, బీప్ మోడ్ (వైరు తెగకుండా ఉంటే మోగేది) ఉంటే చాలు.
- మీటరు వైర్లకి తగిలించుకునే క్రొకడైల్ క్లిప్పులు రెండు. ఒక చెయ్యి ఖాళీ అవుతుంది, ఇది చిన్న విషయం కాదు.
- బ్యాక్ ప్రోబ్ పిన్నులు, అంటే కప్లర్ వెనక నుంచి దూర్చే సన్న పిన్నులు. ఆన్‌లైన్‌లో సెట్టుగా దొరుకుతాయి. లేకపోతే కొత్త చొక్కా ప్యాకింగ్‌లో వచ్చే సన్న గుండుసూదులు పనికొస్తాయి, కానీ మొన మీద రెండు రుద్దులు రుద్ది కాస్త మొద్దు చేయండి, లేకపోతే అదే వైరుని గుచ్చుతుంది. మొన వదిలేసి మిగతా పొడవుకి సన్న హీట్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడగండి.
- ఇండికేటర్ బల్బు (12 వోల్టులు, 21 వాట్లు) ఒకటి, దానికి రెండు వైర్లు టంకం వేసి పెట్టుకోండి. ఇది లోడ్ పెట్టి, అంటే కరెంటు లాగే వస్తువు తగిలించి చూడటానికి.
- టార్చి, పాత టూత్‌బ్రష్, కప్లర్లలో రాసే సిలికాన్ గ్రీజు.

ఇంట్లో స్విచ్చి బోర్డుకి వాడే స్క్రూడ్రైవర్ టెస్టర్ పట్టుకొచ్చి "వెలగట్లేదు, కరెంటు లేదు" అనేవాళ్ళు నెలకి ఇద్దరైనా ఉంటారు. అందులో ఉండేది నియాన్ బల్బు, 12 వోల్టులకి అది ఎప్పటికీ వెలగదు. వైరు దగ్గర పెడితే కీచుమనే నాన్ కాంటాక్ట్ టెస్టర్ కూడా ఇంటి ఏసీ కరెంటుకే, బండికి కాదు. రెండూ ఇంట్లోనే ఉంచండి.

వీటి జోలికి వెళ్ళొద్దు

కారులో పసుపు రంగు కప్లర్లు, పసుపు స్లీవులు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. స్టీరింగ్ కింద ఉంటాయి, సీట్ల కింద కూడా ఉండొచ్చు. మీటరు ఓమ్స్‌లో (రెసిస్టెన్స్ కొలిచే చోట) పెట్టినప్పుడు అది తనంతట తానే కొద్దిగా కరెంటు పంపుతుంది. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి కావలసింది కూడా కొద్ది కరెంటే. అది మొహం మీద పేలితే ప్రాణం మీదికి వస్తుంది. కంపెనీ సర్వీస్ వాళ్ళకి వదిలేయండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్ళు కూడా అంతే, వందల వోల్టులు ఉంటాయి. స్పార్క్ ప్లగ్ వైరు మీద మామూలు మీటరు పెట్టకూడదు, అక్కడ వచ్చేది వేల వోల్టులు, మీటరూ పోతుంది, మీరూ గట్టిగా షాక్ తింటారు. పెట్రోలు వాసన వస్తుంటే ఆ రోజు వైరింగ్ పని పెట్టుకోవద్దు, ముందు లీకు చూడండి. ఉంగరం, స్టీల్ వాచీ తీసి జేబులో పెట్టుకోండి.

1. మీటరుని ముందు పరీక్షించండి

బ్యాటరీ మీద పెట్టి చూడండి. రాత్రంతా ఆగిన బండికి 12.6 దగ్గర ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ఫర్వాలేదు, 12 కంటే తక్కువ చూపిస్తే ముందు చార్జింగ్ పెట్టుకోండి. ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. బ్యాటరీయే నీరసంగా ఉంటే వైరింగ్‌లో మీరు చూసే ప్రతి అంకె అబద్ధం చెప్తుంది.

మీటరు నాబ్ డీసీ 20 మీద ఉండాలి. లారీ, బస్సు అయితే 24 వోల్టులు కాబట్టి 200 మీద పెట్టండి. ఎర్ర వైరు ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. ఆంపియర్లు కొలిచి 10ఏ సాకెట్లోనే వదిలేసి, తర్వాత వోల్టులు చూద్దామని బ్యాటరీ మీద పెట్టారనుకోండి, అది నేరుగా షార్ట్. నేనూ ఒకసారి చేశాను, ప్రోబ్ మొన కరిగి టెర్మినల్‌కి అతుక్కుపోయింది.

2. కళ్ళతో చూడండి, చేత్తో కదపండి

మీటరు పెట్టేముందు పది నిమిషాలు ఇదే పని. సగం తప్పులు ఇక్కడే దొరుకుతాయి, నిజంగా. బైకులో హేండిల్ మెడ దగ్గర వైరింగ్ కిట్ (వైర్ల కట్ట) రోజూ వంగుతూ ఉంటుంది, పైన తొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగిపోతుంది. హారనో లైటో ఆన్‌లో పెట్టి హేండిల్‌ని కుడి చివరి నుంచి ఎడమ చివరి దాకా మెల్లగా తిప్పండి. ఒకచోట ఆగి ఒకచోట పనిచేస్తే తప్పు అక్కడే ఉంది.

ఎలకలు ఇంకో సంగతి. కోతలయ్యాక ధాన్యం బస్తాల పక్కన ట్రాక్టరు పెడితే ఎలకలు ఇంజిన్‌లోకి దూరి వైర్లు కొరుకుతాయి. అది దాగి ఉండే తప్పు కాదు, టార్చి వేస్తే తెల్లగా పళ్ళ గాట్లు కనిపిస్తాయి.

3. ఫ్యూజ్ తియ్యకుండానే చూడండి

బ్లేడ్ ఫ్యూజ్ తల మీద రెండు చిన్న కిటికీలుంటాయి, లోపల లోహం కనిపిస్తుంది. అవి మీటరు పెట్టడానికే. నల్ల ప్రోబ్ క్లిప్పుతో బ్యాటరీ నెగటివ్‌కి తగిలించండి, తాళం ఆన్ చేయండి, ఎర్ర ప్రోబ్‌తో రెండు కిటికీలూ ముట్టండి. రెండు వైపులా 12 వస్తే ఫ్యూజ్ మంచిది. ఒకవైపే వస్తే పోయింది. రెండు వైపులా సున్నా అయితే ఫ్యూజ్ తప్పు కాదు, దాని దాకా కరెంటే రావడం లేదు, లేదా తాళంతోనో స్విచ్చితోనో వచ్చే లైను అది.

4. బల్బు, హారన్, మోటారు చివర చూడండి

పనిచేయని వస్తువు దగ్గరికి వెళ్ళండి. హోల్డరులో బల్బు తీసి చూడటం అందరికీ తెలుసు, కానీ బల్బు పెట్టి ఉంచే చూడటం మంచిది, ఎందుకో ఆరో మెట్టులో చెప్తాను. హారన్‌కి అయితే పిన్నుల వెనక లోహం బయటే ఉంటుంది, అక్కడే ప్రోబ్ ఆనించొచ్చు.

చాలా పాత బైకుల్లో హెడ్‌లైటు బ్యాటరీ మీద కాదు, మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వచ్చే ఏసీ మీద వెలుగుతుంది. డీసీలో పెట్టి చూసి సున్నా అని కంగారు పడకండి, ఇంజిన్ నడుపుతూ ఏసీ వోల్టుల మీద చూడండి.

5. కప్లర్ వెనక నుంచి పిన్ను జారించండి

అసలు పని ఇదే, కాబట్టి నిదానంగా చదవండి.

కప్లర్ ఊడదీయొద్దు, పెట్టినది పెట్టినట్టే ఉండాలి. వైర్లు లోపలికి వెళ్ళే వైపు, అంటే వెనక వైపు, ముందు టూత్‌బ్రష్‌తో దుమ్ము దులపండి. బురదతో పిన్ను తోస్తే బురద కూడా లోపలికి వెళ్తుంది. పిన్ను మొనకి కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయండి. వైరు పక్కనే, వైరుకి సమాంతరంగా పెట్టి మెల్లగా లోపలికి జారించండి. ఇంజిన్ దగ్గరి కప్లర్లలో ప్రతి వైరుకీ ఒక చిన్న రబ్బరు సీలు ఉంటుంది. పిన్ను వెళ్ళాల్సింది వైరుకీ సీలుకీ మధ్య నుంచి, సీలుని పొడుచుకుని కాదు. మెత్తగా వెళ్తున్న పిన్ను లోపల గట్టిగా లోహానికి తగిలి ఆగుతుంది, అది టెర్మినల్ వెనక భాగం. అక్కడ ఆపేయండి, ఇంకా నొక్కకండి. వెళ్ళకపోతే బయటికి తీసి వైరుకి అవతలి పక్క నుంచి ప్రయత్నించండి. మూడుసార్లు చేసినా వెళ్ళట్లేదంటే మీ పిన్ను లావు, సన్నది వెతకండి.

ఇప్పుడు క్లిప్పుతో మీటరుని పిన్నుకి తగిలించండి. సున్నా చూపిస్తే "కరెంటు లేదు" అని అప్పుడే అనేయకండి. పిన్ను లోహానికి తగల్లేదేమో. ఇంకొక్క మిల్లీమీటరు జరిపి చూడండి. అనుమానం తీరకపోతే బ్యాటరీ నెగటివ్ తీసి, కప్లర్ ఊడదీసి, పిన్నుకీ ఎదురు వైపు అదే టెర్మినల్ కొనకీ మధ్య బీప్ వస్తుందో లేదో చూడండి. వచ్చిందంటే పిన్ను సరైన చోటే ఉంది, అప్పుడు మీ సున్నా నిజమైన సున్నా.

ఒకే కప్లర్‌లో రెండు పిన్నులు పెట్టాల్సి వస్తే అవి ఒకదానికొకటి తగలకూడదు. సెన్సర్ కప్లర్లలో 5 వోల్టుల లైను, 12 వోల్టుల లైను పక్కపక్కనే ఉండొచ్చు, రెండూ కలిస్తే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పోతుంది. స్లీవ్ తొడగమన్నది అందుకే.

కప్లర్ ఊడదీసి ముందు నుంచే చూడాల్సి వస్తే మీటరు ప్రోబ్‌ని ఫిమేల్ పిన్నులోకి (ఎదుటి మేల్ పిన్ను దూరే గుంటలోకి) కుక్కకండి. ఆ లావు మొన పిన్నుని వెడల్పు చేస్తుంది, తర్వాత మేల్ పిన్ను వదులుగా కూర్చుంటుంది, గతుకుల రోడ్డు మీద లైటు కన్ను కొడుతుంది. గుచ్చిన కన్నం కంటే ఇదే నాకు ఎక్కువ తలనొప్పి, ఎందుకంటే కంటికి ఏమీ కనిపించదు. పాత కప్లర్ల నుంచి తీసిన అదే సైజు మేల్ పిన్ను ఒకదానికి వైరు కట్టి పెట్టుకోండి, దాన్ని దూర్చి చూడండి. దూర్చేటప్పుడు, తీసేటప్పుడు కాస్త పట్టు తెలియాలి. గాలిలో ఊగినట్టు వచ్చేస్తే ఆ ఫిమేల్ పిన్ను వదులైపోయింది, మార్చాలి.

6. లోడ్ పెట్టి చూడండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. "అన్నా, మీటరులో 12 చూపిస్తోంది కానీ లైటు వెలగట్లేదు" అంటారు. మీటరు దాదాపు కరెంటేమీ తీసుకోదు. వైరులో పాతిక తీగలుండి ఇరవై నాలుగు కుళ్ళిపోయి ఒక్కటే మిగిలినా మీటరుకి 12 కనిపిస్తుంది, బల్బుకి మాత్రం ఆ ఒక్క తీగ చాలదు.

అందుకే లైటు ఆన్ చేసి, బల్బు దాని చోటులోనే ఉండగా రెండు కొలతలు తీసుకోండి. ఒకటి, ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల ప్రోబ్ హోల్డరులో కరెంటు వచ్చే పిన్ను వెనక. 0.5 వోల్టు లోపు రావాలి. రెండు, ఎర్ర ప్రోబ్ హోల్డరులో ఎర్త్ పిన్ను (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్ళేది) వెనక, నల్లది బ్యాటరీ నెగటివ్ మీద. ఇక్కడ 0.1 ఉంటే బాగుంది, 0.2 దాటితే ఎర్త్ శుభ్రం చేయాలి. దారి పొడవునా ఎంత పోగొట్టుకుంటున్నామో ఈ అంకెలు చెప్తాయి. ఎక్కువ వస్తే ఒక ప్రోబ్ బ్యాటరీ దగ్గరే ఉంచి, రెండోదాన్ని ఫ్యూజ్, రిలే, కప్లర్ ఇలా ఒక్కో మజిలీ వెనక్కి జరుపుతూ రండి. అంకె ఒక్కసారి పడిపోయిన చోటుకీ, దానికి ముందు చూసిన చోటుకీ మధ్యన తప్పు ఉంది. వైరుకి ఒక్క కన్నం పెట్టకుండా జానెడు దూరంలోకి తప్పుని తెచ్చేయొచ్చు.

మా దగ్గర ఎక్కువ దొరికేది ఎర్తే. బాడీకి బిగించిన బోల్టు కింద తుప్పు. బోల్టు విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాస్తే సగం బళ్ళు అక్కడితోనే ఇంటికి వెళ్తాయి.

లోడ్ లేని లైనుకి ఇందాక చెప్పిన ఇండికేటర్ బల్బు తగిలించి చూడండి. హారన్, హెడ్‌లైటు, ఫ్యాను లైన్లకి మాత్రమే. ఆ బల్బు పావు తక్కువ రెండు ఆంపియర్లు లాగుతుంది, సెన్సర్ వైర్లకీ ఈసీయూ వైర్లకీ పెడితే కొత్త ఈసీయూ కొనాల్సి వస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బైకుల్లో ఎక్కువ వాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్, ఈసీయూ ఉన్నాయి, కాబట్టి "బైకే కదా" అనుకోకండి.

7. బీప్ మోడ్ చివర్లో

ఓమ్స్, బీప్ వాడాలంటే బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, వైరు రెండు చివర్లూ ఊడదీయాలి. కరెంటు ఉన్న లైను మీద ఓమ్స్ పెడితే అంకె తప్పు, మీటరుకీ ప్రమాదం. ఇంకో సంగతి, బీప్ వచ్చిందంటే వైరు బాగుందని కాదు. చాలా మీటర్లు ముప్పై ఓమ్‌లు ఉన్నా మోగుతాయి. 55 వాట్ల హెడ్‌లైటు దారిలో ఒక్క ఓమ్ అడ్డం ఉన్నా మూడు వోల్టులకి పైనే అక్కడే పోతాయి. బీప్ ఒక్కదానికే పనికొస్తుంది, వైరు పూర్తిగా తెగిందా లేదా అని.

ఎక్కువగా చేసే తప్పులు

కప్లర్‌ని వైర్లు పట్టుకుని లాగడం. లాక్ నొక్కి, ప్లాస్టిక్‌ని పట్టుకుని తీయాలి. పాత బండిలో ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, విరిగిన లాక్‌కి తాడు కట్టి పంపే షాపులు చూశాను.

ఎర్త్ ఎక్కడ పడితే అక్కడ తీసుకోవడం. పెయింటు మీద ప్రోబ్ పెట్టి సున్నా వచ్చిందని రెండు గంటలు వైరు వెతికినవాళ్ళున్నారు. నల్ల ప్రోబ్ ఎప్పుడూ బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి మొదలుపెట్టండి.

ఫ్యూజ్ మళ్ళీ మళ్ళీ పోతోందని 10 తీసి 30 పెట్టడం. అప్పుడు ఫ్యూజ్‌కి బదులు వైరు కాలుతుంది.

ముందే ఎవరో గుచ్చేసి ఉంటే

కన్నం దగ్గర తొడుగుని కొద్దిగా తెరిచి రాగి రంగు చూడండి. ఎర్రగా మెరుస్తుంటే ఆరబెట్టి మూసేయొచ్చు. ఆకుపచ్చగానో నల్లగానో ఉంటే మూసి లాభం లేదు, మెరిసే రాగి వచ్చేదాకా రెండు వైపులా కోసి కొత్త ముక్క వేయాలి, పైన లోపల గమ్ ఉన్న హీట్ స్లీవ్ వేయాలి.

మూసేటప్పుడు మామూలు నల్ల టేపు ఒక్కటే చుట్టకండి. ఇంజిన్ వేడికి దాని గమ్ కరిగి కారిపోతుంది, ఏడాది తిరిగేసరికి తోక ఊపుతూ వేలాడుతుంది. సబ్‌మెర్సిబుల్ మోటారు కేబుల్ జాయింట్లకి వేసే రబ్బరు టేపు అడగండి, పంపుసెట్లు బాగుచేసే ఏ షాపులోనైనా ఉంటుంది. దాన్ని రెట్టింపు పొడవు అయ్యేదాకా సాగదీస్తూ, సగం మీద సగం పడేలా చుట్టాలి, తనకు తానే అతుక్కుని ఒక్క ముద్ద అవుతుంది. బోర్లలో నీళ్ళ కింద ఏళ్ళ తరబడి ఆగే టేపు, మీ ఇండికేటర్ వైరుకి ఎక్కువే. అత్యవసరానికి గోళ్ళరంగు రెండు పూతలు వేసుకుని ఇల్లు చేరొచ్చు, అంతకు మించి దాన్ని నమ్మకండి.

పని అయ్యాక ఇలా చూసుకోండి

పిన్నులన్నీ లెక్కపెట్టండి, ఎన్ని పెట్టారో అన్నీ బయటికి వచ్చాయా అని. కప్లర్ వెనక టార్చి వేసి రబ్బరు సీళ్ళు లోపలికి మడత పడకుండా, ముందులాగే సమంగా కూర్చున్నాయో లేదో చూడండి. బ్యాటరీ తీసి ఉంటే నెగటివ్ చివర్లో పెట్టండి. ఆరో మెట్టులోని రెండు కొలతలూ మళ్ళీ తీసి, ముందు వచ్చినవాటి పక్కన రాసుకోండి. మన జ్ఞాపకం మనకి అనుకూలంగానే చెప్తుంది, కాగితం అలా కాదు.

తర్వాత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, మొక్కలకి కొట్టే స్ప్రే సీసాతో మీరు ముట్టుకున్న కప్లర్ల మీద మామూలు నీళ్ళు పల్చగా చిమ్మండి. పది నిమిషాలు ఆగి లైట్లు, హారన్, ఇండికేటర్లు అన్నీ వేసి చూడండి, హేండిల్ తిప్పుతూ ఒకసారి, బండిని స్టాండు మీద ఊపుతూ ఒకసారి. ఆ చేపల ఆటోకి వైరు మార్చాక నేను చేసింది ఇదే. స్ప్రే కొట్టగానే ఎడమ ఇండికేటర్ మళ్ళీ ఆగింది. ఇంకో కన్నం ఉంది, టేపు కింద.